అగ్రిమెంటు లేని అద్దె ఇల్లు: అడ్వాన్స్ చివరి అద్దెలో జమ చేయించుకోవడమా, ఖాళీ చేశాక అడగడమా?

పిల్లల బడులు మారే మే, జూన్ నెలలొస్తే చాలు, తెలిసినవాళ్లంతా అడిగేది ఇదే. కాగితం ఏమీ రాసుకోలేదు, రెండు నెలల అడ్వాన్స్ ఓనర్ దగ్గరుంది, చివరి రెండు నెలలూ అద్దె కట్టకుండా అందులో జమ చేసుకోమనడం మేలా, లేక అద్దె సక్రమంగా కట్టేసి తాళాలిచ్చాక డబ్బు అడగడం మేలా? మోతీనగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో టులెట్ బోర్డు చూసి, మెట్ల దగ్గరే మాట్లాడుకుని సామాను దింపేసినవాళ్లు ఎంతమందో. మేమూ మొన్నటిదాకా అలాంటి ఇంట్లోనే ఉన్నాం.

కాగితం లేదు కాబట్టి హక్కు లేదనుకోకండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నోటిమాట మీద ఇల్లు అప్పగించినా అది అద్దె ఒప్పందమే, నెలనెలా అద్దె కింద లెక్క, ముగించాలంటే 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. పైగా అగ్రిమెంటు లేకపోవడంలో మనకు కలిసొచ్చేది ఒకటుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఒక నెల అద్దె కోసుకుంటామనే షరతు అగ్రిమెంట్లలో రాస్తుంటారు కదా, రాసుకోనప్పుడు ఆ షరతు ఎక్కడుంది? అదే చట్టంలోని 108వ సెక్షన్ ఇల్లు తీసుకున్నప్పటిలాగే అప్పగించమంటుంది కానీ, మామూలు వాడకంలో వచ్చే అరుగుదలను మినహాయిస్తుంది. నాలుగేళ్లు కాపురమున్న ఇంటి గోడ మాసిపోవడం అరుగుదలే. గీజర్ పగలగొడితే, తలుపు విరగ్గొడితే ఆ ఖర్చు మనదే, అందులో వాదన లేదు.

ఇక ఈ రెండిట్లో ఏది మేలో తేల్చేది, నా దృష్టిలో, ఎవరు ఎవరి చుట్టూ తిరగాలన్నదే. తాళాలు మన చేతిలో ఉన్నంతవరకూ ఓనర్ కూర్చుని మాట్లాడతాడు. ఇచ్చేశాక ఫోన్ ఎత్తడు, ఎత్తినా కొత్తవాళ్లు చేరాక ఇస్తానంటాడు. కోర్టుకెళితే అడ్వాన్స్ ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది మనం, అదీ చేరిన రోజు నోట్ల కట్ట చేతికిచ్చుంటే మరీ కష్టం. అదే అద్దెలో జమ అయిపోతే డబ్బు కోసం తిరిగే బరువు మన మీద ఉండదు, బాకీ ఉందంటే కోర్టుకెళ్లాల్సింది ఆయనే.

అయితే చెప్పాపెట్టకుండా అద్దె ఆపేయడం నేను ఒప్పుకోను. ఓనర్ భయంలోనూ న్యాయముంది, చివరి కరెంటు బిల్లు మనం వెళ్లాకే వస్తుంది, మెయింటెనెన్స్ బాకీ ఉండొచ్చు, ఏదైనా విరిగిందో లేదో ఇల్లు ఖాళీ అయితేగానీ తెలీదు. చేతిలో రూపాయి లేకపోతే ఆయన దేంట్లోంచి పట్టుకుంటాడు? పైగా కింద ఓనర్, పైన మనం ఉన్నచోట రెండు నెలలు మొహమొహాలు చూసుకోలేని టెన్షన్ ఒకటి. అందుకే మేము ఒక నెల అద్దెలో జమ చేయించుకుని, రెండో నెలది తాళాలిచ్చే రోజు తీసుకున్నాం. నోటితో మాట్లాడుకున్నాక వాట్సాప్‌లో ఈ మెసేజ్ పెట్టాను:

"నమస్తే అంకుల్. మేం చేరినప్పుడు ఇచ్చిన అడ్వాన్స్ 30,000లో మే అద్దె 15,000 జమ చేసుకుని, మిగిలిన 15,000 మే 31న తాళాలు తీసుకునేటప్పుడు కరెంటు బిల్లు పోను ఇస్తానన్నారు కదా."

"సరేమ్మా" అని జవాబొచ్చింది. అడ్వాన్స్ ఎంతో, ఎవరి దగ్గరుందో, ఎప్పుడు తిరిగివ్వాలో ఆ జవాబుతో ఆయనే ఒప్పుకున్నట్టు. భారతీయ సాక్ష్య అధినియం 2023లోని 63వ సెక్షన్ కింద ఇలాంటి మెసేజ్‌లు, అవి ఏ ఫోన్‌లోంచి ఎలా తీసినవో చెప్పే సర్టిఫికెట్ జతచేస్తే సాక్ష్యంగా చెల్లుతాయి, కాబట్టి స్క్రీన్‌షాట్ తీసుకున్నాం చాల్లే అని అసలు చాట్ చెరిపేయకండి. హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటద్దె భత్యం) కోసం ఆఫీసులో ఇచ్చిన అద్దె రసీదులు, యూపీఐలో నెలనెలా పంపిన అద్దె మనం అక్కడ ఉన్నామని చెబుతాయి గానీ అడ్వాన్స్ సంగతి చెప్పవు. తాళాలిచ్చే రోజు కరెంటు మీటర్ రీడింగు, వంటగది, బాత్రూమ్ నల్లాలు ఫొటోలు తీసి అదే చాట్‌లో పంపేయండి.

తాళాలు ఇచ్చేసినవాళ్లు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవడం మంచిది. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కి పిలిపిస్తారు, ఫీజు లేదు, రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. ఓనర్ వచ్చి ఒప్పుకుంటేనే అనుకోండి. 15100కి ఫోన్ చేస్తే ఎలా వెళ్లాలో చెబుతారు.

పోలీస్ స్టేషన్‌కి వెళితే సివిల్ గొడవ అంటారు, నిజమే కూడా. అద్దె గొడవలు తేల్చే రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్దామంటే, ఇక్కడి అద్దె నియంత్రణ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దెలు ఆ చట్టంలోంచి బయటికెళ్లాయి, ఇప్పుడు ఆ అద్దెకి సిటీలో ఒక్క గదైనా దొరుకుతుందా? రెండు నెలలకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదని ఫార్వర్డ్‌లలో తిరిగే 2021 చట్టం కేంద్రం రాష్ట్రాలకిచ్చిన నమూనా మాత్రమే.

చివరికి మిగిలేది సివిల్ దావా. ముప్పై వేల కోసం వాయిదాలకు తిరగడం ఎవరికీ ఇష్టముండదు, కానీ దానికి మూడేళ్ల గడువుంది, ఓనర్ వచ్చే నెల చూద్దామన్న ప్రతిసారీ ఆ మాట ఫోన్‌లో కాకుండా మెసేజ్‌లో వచ్చేలా చూసుకోండి.