చీకటి పడిందని వెనక్కి తిప్పనక్కర లేదు: హబ్ డైనమోతో కొన్నేళ్ళు

సైకిలు దీపానికి ఛార్జింగు పెట్టడం మానేసి కొన్నేళ్ళయింది. ముందు చక్రం ఇరుసు దగ్గరే డైనమో ఉంటుంది, చక్రం తిరిగితే దీపం వెలుగుతుంది. అంతకు మించిన సాంకేతిక వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. ఈ సైకిలుకు నేను చేయించిన మార్పులన్నిటిలోకీ నన్ను అన్నిటికన్నా దూరం తీసుకెళ్ళింది ఇదే. గేర్లూ కాదు, ఖరీదైన టైర్లూ కాదు.

కార్తీకంలో కృష్ణా డెల్టాలో ఒంటరిగా తొక్కేవాళ్ళకు నా మాట వెంటనే అర్థమవుతుంది. తుపాను కబురు లేకపోతే, సైకిలుకు ఏడాదిలో ఇంతకంటే మంచి కాలం లేదు. ఎండ మెత్తబడుతుంది. నది ఒడ్డున రెల్లు ఇంకా తెల్లగానే ఉంటుంది. కాలవ గట్లకు రెండు వైపులా వరి కంకులు బరువెక్కుతుంటాయి. ఉన్న ఇబ్బందల్లా పగలు కురచ కావడమే. నవంబరు మధ్యకు వచ్చేసరికి సాయంత్రం ఐదున్నర దాటగానే పొద్దు గుంకుతుంది. తెల్లవారుజామున విజయవాడలో బయల్దేరి ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరి, అక్కడి నుంచి ఇంకా దిగువకు పోతే, తిరుగు ప్రయాణంలో చాలా భాగం చీకట్లోనే.

ఛార్జింగు దీపం వాడిన రోజుల్లో దారి పొడవునా నా బుర్రలో తీసివేతలే నడిచేవి. దీపం ఇంత సేపు వస్తుంది, ఇంటికి ఇంత దూరం ఉంది, కనుక ఫలానా చోట వెనక్కి తిరగాలి. పులిగడ్డ అక్విడక్టు దగ్గర నది పాయ మీదుగా కాలవ నీళ్ళు దివిసీమలోకి దాటిపోవడం చూస్తూ నిలబడినా మనసు గడియారం మీదే ఉండేది. ఒంటరిగా తొక్కేటప్పుడు మొదటి గంటా రెండు గంటలూ ఇంటి విషయాలూ ఆఫీసు విషయాలూ వెంట వస్తాయి. అవి సద్దుమణిగాక అసలు ఆలోచన మొదలవుతుంది. నాకు అది మొదలయ్యే చోటు, దీపం లెక్క ప్రకారం వెనక్కి తిరగవలసిన చోటు దాదాపు ఒకటే అయ్యేవి. డైనమో ఆ లెక్కను చెరిపేసింది. నేను తొక్కుతున్నంత సేపూ వెలుగు ఉంటుంది, తొక్కడం ఆపితే దానితో పనే లేదు.

నాగాయలంక వైపు టీ కొట్ల దగ్గర పెద్దవాళ్ళతో మాట కలిస్తే, నవంబరులో అది ఎక్కడ మొదలైనా ఉప్పెన దగ్గరికి చేరుతుంది. 1977 నవంబరు 19న సముద్రం ఈ ఊళ్ళ మీదికి వచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయో చేత్తో చూపిస్తారు, ఎవరు ఏ చెట్టు పట్టుకుని బతికారో చెబుతారు. ఇలాంటి మాటలు సగంలో వదిలేసి లేవడం నాకు చాలా కష్టంగా ఉండేది, అయినా పొద్దు చూసుకుని లేచేవాణ్ణి. ఇప్పుడు పూర్తిగా విని బయల్దేరుతున్నాను. తిరిగి వచ్చే దారిలో అవే చేల మధ్య, అదే నెలలో, ఆ రాత్రి ఈ రోడ్డు ఎలా ఉండి ఉంటుందా అని ఆలోచిస్తూ తొక్కాను. ఒక పరికరం నాకు ఇచ్చినదాన్ని కొలవాలంటే ఇలాంటి సాయంత్రాలతోనే కొలుస్తాను.

వెలుగు తీరు గురించి కూడా చెప్పాలి. జర్మనీలో 2013 దాకా చాలా సైకిళ్ళకు డైనమో దీపం చట్టప్రకారం తప్పనిసరి. ఎదుటివారి కళ్ళలో వెలుగు కొట్టకూడదన్న నిబంధన అక్కడ ఇప్పటికీ ఉంది. ఆ నిబంధనలకు తగ్గట్టు తయారైన దీపం కాబట్టి దీని వెలుగు పైభాగంలో గీత గీసినట్టు ఆగిపోతుంది, ఉన్నదంతా రోడ్డు మీదే పడుతుంది. కాలవ గట్టు మీద ఎదురొచ్చే సైకిలు వాళ్ళు, మోపెడ్ల వాళ్ళు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకోవడం మానేశారు. ఈ నెలల్లో వరి చేల దగ్గర దీపానికి ముసిరే సుడిదోమ, పచ్చదోమ కూడా చాలావరకు కిందే తిరుగుతాయి, ముఖం దాకా వచ్చేవి తక్కువ.

ఇక నిరుడు కార్తీకంలో జరిగింది చెబుతాను. దివిసీమ నుంచి తిరిగి వస్తూ మోపిదేవి దాటాక, గుంతల రోడ్డులో దీపం రెండు మూడు సార్లు రెపరెపలాడి ఆరిపోయింది. చక్రం తిరుగుతూనే ఉంది, వెలుగు లేదు. అమావాస్య దగ్గర పడిన రోజులు. ఫోను వెలుగులో సైకిలు నడిపించుకుంటూ పోతే, ఒక ఊరి మొదట్లో మోటారు వైండింగు షాపు ఇంకా తెరిచి ఉంది. పొలం మోటార్లు గుట్టగా పడి ఉన్నాయి. షాపాయనకు అరవై దాటి ఉంటాయి.

"దీనికి బ్యాటరీ ఎక్కడుందండీ?" అని అడిగారు.

"బ్యాటరీ లేదండీ, డైనమో చక్రంలోనే ఉంది."

ఆయన ఇంకేమీ అడగలేదు. ముందు చక్రం పైకెత్తి పట్టుకోమని నాకు చెప్పి, ఇరుసు దగ్గర రెండు కొనలకూ మీటరు ఆనించి, చేత్తో చక్రం గిర్రున తిప్పారు. ముల్లు కదిలింది. "ఏసీ వస్తోంది. డైనమో బాగానే ఉందండీ, వైరు పోయింది" అన్నారు. వేలితో తడుముతూ పోయి, హ్యాండిలు తిరిగినప్పుడల్లా వైరు ఫోర్కుకు రాసుకునే చోట పట్టుకున్నారు. పైతొడుగు అరిగి లోపలి తీగ తెగింది. అంత ఖరీదైన దీపానికి అంత సన్నని వైరు ఇచ్చిన తయారీదారు మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆయన తెగిన ముక్క తీసేసి, మోటార్లకు వాడే వైరు వేసి, సోల్డరింగు చేసి, పైన స్లీవు తొడిగారు. "ప్లస్సు ఏది?" అన్నారు. ఎటు కలిపినా ఫరవాలేదంటే నవ్వి, మళ్ళీ తానే చక్రం తిప్పారు. ఎదుటి గోడ మీద వెలుగు పడింది. అది 6 వోల్టులు, 3 వాట్ల యంత్రం. రోజూ 5 హార్స్‌పవర్ మోటార్లతో పనిచేసే మనిషి దాన్ని ఎంతో ముచ్చటగా రెండోసారి తిప్పి చూశారు. తన చిన్నప్పుడు టైరుకు రాసుకునే డైనమోలు ఉండేవని, వాటి మోతకు వీధి కుక్కలు లేచేవని చెప్పారు. ఇరవై రూపాయలు తీసుకున్నారు. సీలు వేసిన ఛార్జింగు దీపం లోపల ఏదైనా పోయి ఉంటే, ఆ వేళప్పుడు ఆ షాపులో ఎవరూ ఏమీ చేయగలిగేవారు కాదు. దీనిలో తెగింది రెండు తీగల్లో ఒకటి, అతికించే చెయ్యి పల్లెలో ఉంది.

పూర్తిగా పొగిడి వదిలేయడం న్యాయం కాదు. తొక్కుడు బరువు అసలు తెలియదన్న మాట గాలి లేని రోజులకే చెల్లుతుంది. సముద్రం వైపు నుంచి ఎదురుగాలి కొట్టే మధ్యాహ్నం దీపం వేస్తే కాళ్ళకు తేడా తెలుస్తుంది. నడక వేగంలో వెలుగు వణుకుతుంది కాబట్టి గుంతలు ఎక్కువున్న చోట, సరిగ్గా వెలుగు కావలసినప్పుడే, అది తగ్గుతుంది. ఆగినప్పుడు కాసేపు వెలిగే చిన్న దీపం కొత్తలో నిలిచినంత సేపు ఇప్పుడు నిలవడం లేదు. దీనితో ఫోను ఛార్జి చేయవచ్చంటారు. పైన ఇంకో పరికరం కొని, ఆగకుండా మంచి వేగంతో పోతుంటేనే అది జరుగుతుంది. టీ కొట్టు కనపడితే ఆగే నాలాంటివాళ్ళకు అంతగా పనికిరాదు.

చక్రం కొత్తగా అల్లించాలి, ఆ పని తెలిసినవాళ్ళు అన్ని ఊళ్ళలో లేరు. మొత్తం ఖర్చు ఒక మామూలు గేరు సైకిలు ధర దాకా పోయింది. వీధి దీపాల కింద రోజూ కొద్ది దూరం తొక్కేవాళ్ళు ఇంత పెట్టనక్కర లేదు, ఛార్జింగు దీపం చాలు. విశాఖ ఘాట్ల లాంటి చోట ఎత్తు మీద మెల్లగా ఎక్కేవాళ్ళకు ఎంతవరకు నచ్చుతుందో నా చదును నేల అనుభవంతో చెప్పలేను. నాకు వారాంతాలు ఖాళీ, ఇంట్లో ఆలస్యమైతే అడిగేవాళ్ళు లేరు, చీకటి పడ్డాక కాలవ గట్ల మీద తిరగడం ఇష్టం. ఈ మూడింటిలో ఏది మారినా నా లెక్క మారవచ్చు. కొనేవాళ్ళు మాత్రం ఫోర్కు దగ్గర వైరుకు మొదటి రోజే స్లీవు తొడిగించుకోండి. వెనక దీపానికీ ఇదే డైనమో నుంచి వైరు లాగించాలని ఉంది. వచ్చే ఆశ్వయుజం లోపల ఆ పని ఆ వైండింగు షాపులోనే చేయిస్తాను.