సర్వీస్‌నౌ సీఎండీబీ హెల్త్: పచ్చ రంగు చూసి మురిసిపోకండి

మా అమ్మకు నా ఉద్యోగం గురించి చెప్పాల్సి వస్తే "సర్వర్లకు ఓటర్ల జాబితా రాస్తానమ్మా" అంటాను. ఏ సర్వర్ ఎక్కడుంది, ఎవరు చూసుకుంటారు, దాని మీద ఏ అప్లికేషన్ నడుస్తోంది, ఇవన్నీ సర్వీస్‌నౌ అనే ఐటీ పనుల సాఫ్ట్‌వేర్‌లో ఉండే పట్టికే సీఎండీబీ. ఆ జాబితాలో పోయినవాళ్లు, రెండుసార్లు పేరెక్కినవాళ్లు, అడ్రస్ లేనివాళ్లు ఎందరున్నారో చూపించేదే ఈ హెల్త్ డ్యాష్‌బోర్డ్. మూడేళ్లుగా సోమవారం పొద్దున్నే, టీ కూడా తాగకుండా, దీన్నే తెరుస్తున్నాను.

కంప్లీట్‌నెస్, కరెక్ట్‌నెస్, కంప్లయన్స్ అని మూడు స్కోర్లు ఇస్తుంది. మూడోది ఆడిట్లకు సంబంధించింది. మేం దాన్ని ఇంకా వాడటం లేదు కాబట్టి ఏమీ అనను.

కరెక్ట్‌నెస్‌లో నాకు బాగా పనికొచ్చింది డూప్లికేట్ల లెక్క. ఒకసారి మా టీమ్‌లోనే ఒకరు తొందరలో ఎక్సెల్ షీట్‌ని ఐఆర్ఈ గుండా పంపకుండా నేరుగా టేబుల్లోకి ఎక్కించేశారు. ఐఆర్ఈ అంటే సీరియల్ నంబర్ లాంటి గుర్తులు చూసి "ఈ సర్వర్ మన దగ్గర ముందే ఉంది" అని పట్టుకునే భాగం. దాన్ని తప్పించేసరికి నాలుగు వందల సర్వర్లకు కవలలు పుట్టారు. తర్వాత డిస్కవరీ (నెట్‌వర్క్‌లో ఏ సర్వర్లున్నాయో తనే వెతికి రాసుకునే భాగం) నడిచినప్పుడు ఒకే సీరియల్ నంబర్‌తో రెండేసి రికార్డులు తగిలాయి, వాటిని కలపమంటూ టాస్కులు వరస కట్టాయి. ఏ రికార్డు ఉంచాలి, దేని సంబంధాలు దేనికి మార్చాలి అని చూసుకుంటూ కూర్చుంటే రెండు వారాలు పట్టింది. విసుగు పుట్టే పనే, కానీ దారి మాత్రం తిన్నగా చూపించింది.

స్టేల్ లెక్క దగ్గరే జాగ్రత్త. మామూలుగా 60 రోజులు అప్‌డేట్ కాని రికార్డును పాతబడినట్టు లెక్కేస్తుంది. టీమ్‌లు మారినప్పుడు నేను సపోర్ట్ గ్రూప్ పేరును ఒకేసారి వేల రికార్డుల్లో మార్చాను. మరుసటి సోమవారానికి స్టేల్ దాదాపు సున్నా! మా మేనేజర్ మీటింగ్‌లో చప్పట్లు కొట్టించారు. ఎప్పుడో ప్లగ్ పీకేసిన సర్వర్లు కూడా నా చెయ్యి తగిలి బతికున్నట్టు లెక్కలోకి వచ్చాయని చెప్పడానికి నాకు మధ్యాహ్నం దాకా ధైర్యం చాలలేదు. అప్పటినుంచి డిస్కవరీ ఆఖరిసారి చూసిన తేదీతో విడిగా ఒక లిస్టు తీసుకుంటున్నాను.

కంప్లీట్‌నెస్‌దీ అదే కథ. ఖాళీ లేకపోతే చాలు, దానికి నూటికి నూరు. ఒక రాత్రి రెండు గంటలకు ఆన్‌కాల్ కుర్రాడు ఫోన్ చేసి "అక్కా, ఈ సర్వర్ ఓనర్ నంబర్ కలవట్లేదు" అన్నాడు. ఎలా కలుస్తుంది? ఆయన రాజీనామా చేసి ఏడాది అవుతోంది. డబ్బా నిండి ఉంది, స్కోరు పచ్చగా ఉంది, మనిషే లేడు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అన్ని ఫీల్డుల్నీ తప్పనిసరి చేయకండి, జనం కాకి లెక్కలు నింపేస్తారు. అవసరమైన నాలుగైదు చాలు. దాంతోపాటు ఓనర్ యూజర్ ఇనాక్టివ్ అయిన రికార్డులకు ఒక రిపోర్ట్ పెట్టుకోండి, పది నిమిషాల పని. మా దాంట్లో ఈ వారం 31 సర్వర్లు తేలాయి. వాటిలో రెండు ఆ చప్పట్లు కొట్టించిన మేనేజర్ పేరు మీదే ఉన్నాయి. ఆయన కంపెనీ మారి ఎనిమిది నెలలైంది.