చేత్తో తీసే టాప్, సీటు వెనక కన్నం: ఎంఎక్స్-5తో మూడేళ్లు

టాప్, అంటే మడిచే పైకప్పు, లేని కారు నడపడం ఎలా ఉంటుందని అడిగినవాళ్లందరికీ మొదటి నెలంతా ఒకటే చెప్పాను: "టాప్ లేకపోవడం సంగతి తర్వాత, ముందు దాన్ని తీసే తీరు చూడండి" అని. మూడేళ్ల తర్వాత ఎవరడిగినా దాదాపు అదే చెబుతున్నాను. ఆ "దాదాపు" గురించి చెప్పడానికే ఇంత రాయాల్సొచ్చింది.

నాది మాజ్డా ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల చిన్న కారు. అందులో రెండో తరం, 1998 నుంచి 2005 దాకా తయారైన రకం. కొన్ని దేశాల్లో దీన్నే మియాటా అంటారు. ఇంజిన్, గేర్‌బాక్సు, ముందూ వెనకా బరువు సమానంగా ఉండటం, వీటి గురించి పాతికేళ్లుగా అందరూ రాస్తూనే ఉన్నారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. నిజానికి నాకు కావాల్సింది 1989లో వచ్చిన మొదటి తరం. దాని హెడ్‌లైట్లు కప్పకళ్లలా పైకి లేస్తాయి, చూస్తే ముద్దొస్తుంది. కానీ దాని వెనక కిటికీ ప్లాస్టిక్. టాప్ మడిచే ముందు జిప్పు తీసి, ఆ కిటికీని చదునుగా పడుకోబెట్టాలి. బద్ధకించి అలాగే మడిస్తే మడత పడ్డ చోట గీత, కొన్నాళ్లకి పగులు. రెండో తరంలో గాజు పెట్టారు, జిప్పు గొడవ పోయింది. ఆ ఒక్క జిప్పు కోసం కప్పకళ్లు వదులుకున్నాను. ఇప్పటికీ రోడ్డు మీద మొదటి తరం కారు ఎదురైతే కడుపులో చిన్న మంట. సరే, అదలా ఉంచుదాం.

కారు తెచ్చిన రోజు సాయంత్రం పక్కసీట్లో మా బావ ఉన్నాడు. అద్దాలు దించాను. ముందు అద్దం పైఅంచున అటొకటి ఇటొకటి ఉన్న క్లిప్పులు విప్పాను. సీట్లోంచి లేవకుండా ఒక చేత్తో టాప్‌ని వెనక్కి తోశాను. 'థప్'మని వెనక పడింది.

"అంతేనా! గొడుగు మూసినట్టు మూసేశావేంటి బావా?" అన్నాడు.

అంతే మరి. బటన్ లేదు, మోటారు మూలుగు లేదు, ఆగి నిలబడి చూడాల్సిన తతంగం లేదు. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ, కారు వాడే తీరునే మార్చేస్తుంది. పెద్ద తతంగమైతే "ఇవాళ టాప్ తీసి వెళ్దామా" అని ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరతాం. చేతి టాప్ అయితే సిగ్నల్ దగ్గర బుద్ధి పుట్టిందే తడవు, తీసేయడమే. వాన వెలిసిన పది నిమిషాలు, ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఎండ వాలిన ఆ కాస్త సేపు, రాత్రి పెట్రోలు కోసం వెళ్లిరావడం... నా టాప్ తీసిన ప్రయాణాల్లో సగానికి పైగా ఇలాంటి చిల్లర ప్రయాణాలే. మొదటి నెలలో పనేమీ లేకపోయినా కల్పించుకుని మరీ బయటికెళ్లాను.

మొదటి వారం నన్ను ఆశ్చర్యపరిచింది గాలి. అది ముఖానికి కొడుతుందనుకున్నాను, కళ్లజోడు కూడా తెచ్చుకున్నాను. తీరా చూస్తే ముఖం దగ్గర గాలే లేదు, కొట్టేదంతా మెడ వెనక. ముందు అద్దం మీంచి ఎగిరిన గాలి నెత్తి మీదుగా దాటిపోయి, సీట్ల వెనక ఏర్పడ్డ ఖాళీలోకి సుడి తిరిగి మళ్లీ ముందుకొస్తుందన్నమాట. అందుకే జుట్టు వెనక్కి ఎగరదు, ముందుకొచ్చి కళ్లల్లో పడుతుంది. పక్క అద్దాలు పైకెత్తి, సీట్ల వెనక ఉండే చిన్న అడ్డుపలకని లేపితే సగం తగ్గుతుంది. అరవైలో మామూలుగా మాట్లాడుకోవచ్చు. తొంభైకి మాటలు కేకలవుతాయి. వంద మీద గంటసేపు నడిపితే దిగాక కూడా చెవుల్లో హోరు ఆగదు. దూరం వెళ్లేటప్పుడు చెవుల్లో దూది పెట్టుకోవడం మొదటి ఏడాదిలోనే అలవాటైంది.

వేగం గురించి కూడా ఒక మాట. సీటు ఎంత కిందుంటుందంటే, పక్కన లారీ ఆగితే దాని చక్రం బోల్టులు నా కళ్లకి ఎదురుగా ఉంటాయి. అంత కింద, నెత్తిన ఏమీ లేకుండా కూర్చుంటే యాభై కూడా ఎనభైలా అనిపిస్తుంది. వేగం పెంచకుండానే వేగంగా పోతున్న సరదా దక్కుతుంది కాబట్టి, ఇంజిన్ చిన్నదైపోయిందన్న బెంగ నాకెప్పుడూ కలగలేదు. ఎండలోంచి చెట్ల వరస కిందికి రాగానే చల్లదనం ముందు చెవులకి, తర్వాత చేతులకి తగులుతుంది. కోసిన గడ్డి వాసన అది కనపడకముందే వస్తుంది. ముందు పోతున్న డీజిల్ బండి పొగ కూడా అంతే నిజాయితీగా వస్తుందనుకోండి.

ఇక నేను కొట్టిన గొప్పలు కొన్ని వెనక్కి తీసుకోవాలి.

"ఏ కాలమైనా టాప్ తీసే నడుపుతా" అన్నాను. అబద్ధం. ఎండాకాలం మధ్యాహ్నం ఈ కారు టాప్ తీసి నడపడం శిక్ష. కదులుతున్నప్పుడు గాలి వల్ల తెలియదు, దిగాక మాడు చుర్రుమంటుంది. దీనికి అసలైన కాలం చలికాలం. హీటర్ కాళ్ల మీదికి పెట్టి, అద్దాలు ఎత్తి, చెవులు కప్పే టోపీ పెట్టుకుని వెళ్తే ఆ సుఖమే వేరు. మా బావకి మాత్రం ఎక్కలేదు. "నెత్తిన మంచు, కాళ్లకి కుంపటి. ఇదేం సరదా బావా?" అని ఒక్కసారికే దణ్ణం పెట్టేశాడు. ఆయన ఆరడుగుల మనిషి, ముందు అద్దం పైఅంచు సరిగ్గా కనుబొమల ఎత్తులో వస్తుంది. కాబట్టి ఆయన మాట కొంచెం తగ్గించి తీసుకోండి.

"ఒక్క చేత్తో" అన్నదీ సగమే నిజం. తీయడం ఒక్క చెయ్యే. వేయడానికి మాత్రం కూర్చున్నచోటి నుంచే చెయ్యి వెనక్కి మెలితిప్పి బరువు లాగాలి. రెండేళ్లు హుషారుగా లాగాను. ఈ మధ్య భుజం పట్టేస్తోంది, ఆపి దిగి వేస్తున్నాను. చిరుజల్లు సంగతి కూడా అంతే. కదులుతున్నంతసేపూ చినుకులు నెత్తి మీంచి దాటిపోతాయి, ఒంటి మీద చుక్క పడదు. సిగ్నల్ పడిందా, అందరి ముందూ తడవాల్సిందే.

అసలు కథ రెండో ఏడు వానల్లో మొదలైంది. ఒకరోజు పొద్దున్నే చూస్తే ముందు అద్దం లోపలివైపు మంచు పట్టినట్టు మసక. గుడ్డతో తుడిచి వెళ్లిపోయాను. మర్నాడూ అంతే. నాలుగో రోజుకి తడి గోనెసంచి వాసన. వారం తిరిగేసరికి బ్రేకు వేసినప్పుడల్లా తలుపు కింద ఎక్కడో బిందెలో నీళ్లు కదిలినట్టు 'గ్లుక్' మని చప్పుడు. పక్కసీటు వెనక కార్పెట్ మీద అరచెయ్యి పెట్టి నొక్కితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు ఉబికాయి.

టాప్ కారుతోందని తేల్చేసుకున్నాను. వెనక గాజు చుట్టూ సీలెంట్ పూశాను. ఆగలేదు. తలుపు రబ్బర్లకి ఏదో రాశాను. ఆగలేదు. టాప్ పని చేసే ఒకాయన చూసి, కుట్లు వదులయ్యాయి, మొత్తం మార్చాలన్నాడు. మార్పించడానికి సిద్ధపడ్డాను కూడా. ఎందుకో ఆఖరి ప్రయత్నంగా టాప్ వేసి, వెనక గాజు మీద ఒక పక్కగా చెంబుడు నీళ్లు పోసి, కారు కిందికి వంగి చూశాను. డ్రైవర్ వైపు వెనక చక్రానికి కాస్త ముందు నేల మీద నీళ్లు పడ్డాయి. రెండో వైపు ఇంకో చెంబు పోశాను. చుక్క రాలేదు. మరి ఆ నీళ్లు ఎక్కడికి పోయినట్టు?

అప్పుడు అర్థమైంది, ఈ టాప్ నీళ్లని బయటే ఆపేస్తుందన్న నా నమ్మకమే తప్పని. టాప్ మీద పడ్డ వాన వెనక అంచు దగ్గర లోపలికి దిగేలాగే చేశారు. అక్కడ దాగి ఉన్న ప్లాస్టిక్ తూము ఆ నీటిని రెండు పక్కలకీ తీసుకెళ్లి, సీట్‌బెల్టు స్తంభాల వెనక ఉన్న కన్నాల్లో వదులుతుంది. అక్కణ్ణుంచి గొట్టం గుండా కారు కిందికి. ఆ కన్నం మూసుకుపోతే తూము పొంగి, నీళ్లు కార్పెట్ మీదికీ, తలుపు కింద ఉండే బోలు దూలంలోకీ వెళ్తాయి. బయటికి ఏమీ కనపడదు. లోపల్లోపల ఇనుము తుప్పు పడుతూ ఉంటుంది.

సీటు వెనక కార్పెట్ ఎత్తి టార్చి వేసి చూస్తే, కన్నం నిండా వడకట్టిన టీపొడిలాంటి నల్లటి ముద్ద. ఏడాదిన్నరగా నేను కారు పెడుతున్న చెట్టు ఆకులు చివికి అలా తయారయ్యాయి. కారు తప్పు ఇందులో ఏమీ లేదు. నీడ కోసం చెట్టు కింద పెట్టిందీ నేనే, ఇన్నాళ్లూ అటు తొంగి చూడనిదీ నేనే. ఇనప తీగతో పొడిస్తే తూముకి చిల్లు పడుతుందని, గడ్డి కోసే మిషన్లో వాడే నైలాన్ తీగ తీసుకున్నాను. మెల్లగా తిప్పుతూ దింపితే ఒకచోట అడ్డం తగిలింది. వెనక్కి లాగి, మళ్లీ దింపి, ఇంకోసారి తిప్పాను. ఒక్కసారిగా గడగడమని చప్పుడు, కారు కింద నల్లటి నీళ్లు. ఆ చప్పుడు విన్న సంతోషం మొదటిరోజు టాప్ తీసిన సంతోషానికి ఏమాత్రం తీసిపోదు. తర్వాత సీటుకి నాలుగు బోల్టులు విప్పి బయట పెట్టి, కార్పెట్ కింద స్పాంజి ఆరడానికి వారం పట్టింది. టాప్ మార్చలేదు. అదే టాప్, అవే కుట్లు, ఇప్పటికీ చుక్క లోపలికి రాలేదు. తలుపు కింద దూలం మాత్రం నొక్కితే ఒకచోట కరకరమంటోంది. ఏడాదిలోపు వెల్డింగ్ తప్పదనుకుంటా.

కొనమంటారా అంటే, నా పరిస్థితి చెబుతాను, మీరే తేల్చుకోండి. ఇంట్లో నాలుగు సీట్ల కారు వేరే ఉంది. నేను ఎక్కువగా ఒక్కణ్నే తిరుగుతాను. ఇప్పుడు చెట్టు కింద కాకుండా పైకప్పు ఉన్న చోట పెట్టుకునే వీలు దొరికింది. ఈ మూడింట్లో ఏది లేకపోయినా నేనే పోయినేడాది అమ్మేసేవాణ్ని. డిక్కీలో రెండు చిన్న సంచులు పడతాయి, మూడోది ఒళ్లో పెట్టుకోవాలి. గతుకుల రోడ్డు మీద లోపలి అద్దం వణుకుతుంది, అందులో వెనక బండి నంబరు చదవలేను. ఇవి నాకు పట్టవు, మీకు పట్టొచ్చు.

పాతది చూడ్డానికి వెళ్తే మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేయకముందే రెండు సీట్ల వెనకా కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టండి. వెనక చక్రాల ముందు, తలుపు కింద భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే ఒక చెంబుడు నీళ్లు అడగండి.