స్టువర్ట్ పోయాక ఎవరు మేలు: హాంప్టనా, ఫిట్జ్ లీనా?

అమెరికా అంతర్యుద్ధం ప్రస్తావన వస్తే చాలు, పాఠకులు ఒకటే అడుగుతున్నారు: 1864 మే 11న వర్జీనియాలోని యెల్లో టావెర్న్ దగ్గర దక్షిణాది అశ్వదళాధిపతి జెబ్ స్టువర్ట్‌కు తూటా తగలకపోతే, దక్షిణాది సేనాపతి రాబర్ట్ లీ సేన గెలిచేదా? గెలిచేది కాదు. నన్ను వేధించే ప్రశ్న వేరు. మరునాడు దక్షిణాది రాజధాని రిచ్‌మండ్‌లో స్టువర్ట్ కన్నుమూశాక ఆ అశ్వదళం ఎవరి చేతికి వెళ్లి ఉండాలి?

ఆ అశ్వదళంలోని మూడు దళాలకు ముగ్గురు అధిపతులు. ఫిట్జ్‌హ్యూ (ఫిట్జ్) లీ 28 ఏళ్లవాడు, సేనాపతికి అన్న కొడుకు, వెస్ట్ పాయింట్ సైనిక పాఠశాలలో చదివినవాడు. స్టువర్ట్ చొరవ, హుషారు అతనిలోనూ ఉన్నాయి. వేడ్ హాంప్టన్‌కు 46 ఏళ్లు. సైనిక పాఠశాల ముఖం చూడని దక్షిణ కరోలినా భూస్వామి, వందల మందిని బానిసలుగా ఉంచుకున్నవాడు. మూడో దళపతి, సేనాపతి కొడుకు రూనీ లీ సమర్థుడే కానీ నెలల తరబడి చెరలో ఉండి అప్పుడే విడుదలై వచ్చాడు.

తేల్చేది గుర్రమే అంటాను. దక్షిణాది రౌతు తన గుర్రాన్ని తానే తెచ్చుకోవాలి. పోరులో చస్తే పరిహారం ఉంది. మేత లేక కూలితే ఏమీ లేదు. మరొకటి దొరికేదాకా అతను సేనకు రౌతు కాడు. 1862లో శత్రుసేన చుట్టూ స్టువర్ట్ చేసిన స్వారీలు అద్భుతమే. 1864లో, మేత కరవైన నేల మీద, ఏడు గుళ్ల స్పెన్సర్ తుపాకులున్న ఉత్తరాది అశ్వదళాధిపతి షెరిడన్ రౌతులకు ఎదురుగా ఆ పద్ధతి చెల్లదు. హాంప్టన్ బలగాన్నంతా ఒకచోట చేర్చి, రౌతులను కిందికి దింపి పోరాడించేవాడు. జూన్ 11, 12 తేదీల్లో ట్రెవిలియన్ స్టేషన్ దగ్గర తనకన్నా పెద్దదైన షెరిడన్ దళాన్ని అలాగే వెనక్కి మళ్లించాడు. మొదటి రోజు ఫిట్జ్ లీ వచ్చి కలవడంలో ఆలస్యం కాకపోతే ఫలితం ఇంకా మెరుగ్గా ఉండేది.

ఒక లోటు మాత్రం హాంప్టన్ పూడ్చలేదు. ఇద్దరూ ట్రెవిలియన్‌లో ఉన్న ఆ రోజుల్లోనే ఉత్తరాది సేనాపతి గ్రాంట్ సేన జేమ్స్ నది వైపు కదలడం మొదలుపెట్టింది, అది నది దాటిన సంగతి రూఢి కావడానికి రాబర్ట్ లీకి రోజులు పట్టింది. స్టువర్ట్ అయితే ముందే పసిగట్టేవాడేమో.

అయినా నా ఓటు హాంప్టన్‌కే. రాబర్ట్ లీ మూడు దళాలనూ తన కిందే ఉంచుకుని, ఆగస్టులో గానీ అతనికి పగ్గాలివ్వలేదు. 1865 జనవరిలో దక్షిణ కరోలినాకు పంపేశాడు. ఇది స్టువర్ట్ మరణం కన్నా పెద్ద దెబ్బ. ఏప్రిల్ 1న ఫైవ్ ఫోర్క్స్‌లో శత్రువు విరుచుకుపడే వేళకు, కొత్త అధిపతి ఫిట్జ్ లీ, అక్కడి దక్షిణాది పదాతిదళాధిపతి పికెట్‌తో కలిసి వెనకాల చేపల విందులో ఉన్నాడు. శత్రువు కదలికల కబురు అందినా ఆగలేదు. గుర్రాలు సమకూర్చుకోవడానికి హాంప్టన్ వెంట వెళ్లిన బట్లర్ దళం మళ్లీ వర్జీనియాకు రానేలేదు.