ఈ వేసవికి ఆవకాయా, మాగాయా?

పుల్లమామిడి దిగగానే మా ఇంట్లో వచ్చే ప్రశ్న ఇది. రెండూ పెట్టే ఓపిక లేనప్పుడు ఏది?

ఖర్చు: ఆవకాయ నూనె తాగుతుంది. ముక్క మునిగేలా నువ్వుల నూనె పోయాలి, ఆవపిండి అదనం. మాగాయకు నూనె తక్కువే పడుతుంది.

శ్రమ: ఆవకాయ ఒక్కపూట పని. టెంకతో ముక్కలు మార్కెట్లోనే కొట్టించుకుని, జీడి, లోపలి పొర తీసి, పొడిగుడ్డతో తుడిచి కలిపేయడమే. మూడో రోజు తిరగకలపాలి. మాగాయ అలా కాదు. చెక్కు తీసి, తరిగి, ఉప్పూ పసుపూ వేసి మూడు రోజులు ఊరబెట్టాలి. తర్వాత ముక్కల్ని గట్టిగా పిండి, ఎండలో పరచాలి, ఊటనీ పక్కనే ఎండబెట్టాలి. ముక్క పైన ఎండి, వంచితే విరగకుండా వంగాలి. ఆ ముక్క ఒకటి నోట్లో వేసుకోకుండా డాబా దిగిన పిల్లల్ని నేను చూడలేదు.

రిస్క్: ఆవకాయకు తడి గరిటె చాలు, బూజు పడుతుంది. మాగాయకు వాన టెన్షన్. ఒక ఏడాది సాయంత్రపు గాలివానకు నా ముక్కలన్నీ తడిసిపోయాయి. పారబోస్తుంటే ఏడుపొచ్చింది.

రుచి: వేడన్నం, నెయ్యితో కొత్తావకాయకు సాటి లేదు. కానీ నెలలు గడిచేకొద్దీ ముక్క మెత్తబడుతుంది. మాగాయ ముక్క ఏడాదంతా సాగుతూ నిలుస్తుంది. పెరుగులో కలిపి ఇంగువ పోపు పెడితే, కూర లేని రోజు అదే కూర.

ఎండ తగలని అపార్ట్‌మెంట్, ఒక్క ఆదివారమే సెలవు అయితే ఆవకాయ. డాబా, నాలుగైదు రోజుల గట్టి ఎండ, ఇంట్లో ఒక పెద్దావిడ ఉంటే మాగాయే పెట్టండి.