బడిలో అచ్చుబొమ్మలు: కూరగాయ ముక్కా, అట్టా, లినోలియమా?

ఉన్నత పాఠశాల పిల్లలకు అచ్చుబొమ్మల పని నేర్పాలనుకునే డ్రాయింగు ఉపాధ్యాయులకు మన బడుల్లో అందుబాటులో ఉన్న దారులు ముఖ్యంగా మూడు: కోసిన కూరగాయకు రంగు పట్టించి అద్దడం, అట్టముక్కలు అంటించి అచ్చు కట్టడం, లినోలియం (నేలమీద పరిచే ఒక రకం మందపాటి పరుపు) పలకను ఉలితో చెక్కడం. పిల్లల వయసును బట్టి ఏదైనా మంచిదేనని చెప్పి ఊరుకోవచ్చు గానీ, నలభై మంది పిల్లలు, ఒకే ఉపాధ్యాయుడు, ముప్పావు గంట పీరియడు ఉన్న తరగతిని దృష్టిలో పెట్టుకుంటే నా మొగ్గు అట్ట వైపే.

కూరగాయల అద్దకం అన్నిటికంటే సులువు. బెండకాయను అడ్డంగా కోస్తే అయిదు రేకుల పువ్వు సిద్ధంగా ఉంటుంది; కోసిన ముఖాన్ని గుడ్డమీద కాసేపు బోర్లించి జిగురు, తడి పీల్చనిస్తే రంగు అలుక్కుపోదు. అద్దే కాగితం కింద నాలుగైదు మడతల పాత వార్తాపత్రిక పరిస్తే అచ్చు అంతటా సమంగా పడుతుంది. మచిలీపట్నం దగ్గర పెడనలో కలంకారీ అద్దకందారులు టేకు అచ్చులతో బట్టమీద చేసే పనికి ఇది తొలిమెట్టు వంటిది. ఒక పువ్వు పక్కన మరొక పువ్వును వరస తప్పకుండా, ఎడం చెడకుండా వేయడం పిల్లల చేతికి అలవడుతుంది. అయితే బెండకాయ పువ్వు ఆకారం పిల్లవాడు కల్పించినది కాదు, వచ్చే వారానికి ఆ అచ్చు నిలవదు కూడా. అయిదో తరగతి వరకు ఇది చాలు.

అట్ట అచ్చులో ఆకారం పూర్తిగా పిల్లలదే. పాత నోటుపుస్తకం అట్టను పీటగా తీసుకుని, దానిమీద శుభలేఖల ముక్కలు, గోనెపీచు, ఎండుటాకులు, ముతక గుడ్డ పేలికలు జిగురుతో అంటించాలి. పార్సిలు పెట్టె అట్టమీద పైపొరను ఒలిస్తే లోపలి గాడులు బయటపడతాయి. ఆ ముక్కను ఇంటి బొమ్మమీద అతికిస్తే, సిరా పూసి అద్దినప్పుడు పెంకుటింటి కప్పు గీత గీతగా కాగితంమీద తేలుతుంది. పెన్సిలుతో గీస్తే అరగంట పట్టే ఆ వరసలను ఒక చిన్న అట్టముక్క ఇచ్చేస్తుందని చూసిన పిల్లలు, ఆ తరువాత చెత్తబుట్టలోని ప్రతి వస్తువునూ వేలితో తడిమి చూడడం మొదలుపెడతారు. ఈ పద్ధతికి నేను పెద్దపీట వేయడానికి అసలు కారణం ఇదే.

దీనికి రెండు పీరియడ్లు కావాలి. మొదటి దానిలో అంటించి, ఉపాధ్యాయుడే వార్నిషు పూత వేసి ఆరనివ్వాలి. పూత లేకపోతే అట్ట సిరాను పీల్చి నానిపోతుంది. అచ్చు సిరా దొరకని చోట పోస్టరు రంగులో కొన్ని చుక్కల గ్లిజరిన్ కలిపితే త్వరగా ఆరిపోదు. రోలరు లేకుంటే స్పాంజి ముక్కతో అద్దవచ్చు. పల్చటి కాగితాన్ని అచ్చుమీద పరచి, జరగకుండా ఒక చేత్తో పట్టుకుని, గరిటె వెనుక భాగంతో మధ్య నుంచి అంచులకు రుద్దాలి. ఏడో తరగతి పిల్లలు తమ పేరు అంటించినప్పుడు అది తిరగబడి వస్తుంది కనుక, అక్షరాలను ముందుగా ట్రేసింగు కాగితంమీద రాసి, తిప్పి దిద్దుకోవాలని మొదటే చెప్పడం మంచిది.

లినోలియం గీతకున్న తెగువ మిగతా రెండింటికీ లేదు. దండియాత్ర సందర్భంగా 1930లో చిత్రకారుడు నందలాల్ బోస్ లినోలియంమీద చెక్కిన ‘బాపూజీ’లో నల్లని నేలమీద తెల్లని గీతలతోనే నడక, కర్ర, పట్టుదల అన్నీ కనిపిస్తాయి. తొమ్మిదో తరగతి వారికి ఆ చిత్రం తప్పక చూపించాలి. కాని ఉలి జారితే గాయం తప్పదు. పట్టుకునే చేయి ఎప్పుడూ ఉలి మొనకు వెనుకే ఉండాలి, పలక కదలకుండా బల్ల అంచుకు ఆనుకునే చెక్క కావాలి, పలక గట్టిగా ఉంటే కాసేపు ఎండలో పెట్టి మెత్తబరచాలి. ఇంత జాగ్రత్త ఒకేసారి నలభై మంది విషయంలో సాధ్యం కాదు. ఎనిమిది పదిమంది చొప్పున జట్లు చేసి, ఒక జట్టు చెక్కుతుండగా మిగిలినవారు అట్ట అచ్చులు అద్దేలా ఏర్పాటు చేయగలిగితేనే దీన్ని మొదలుపెట్టాలి.

ఏ అచ్చు తీసినా ప్రతుల కింద ఎడమవైపు పెన్సిలుతో 1/5, 2/5 అని వరుస సంఖ్య, కుడివైపు సంతకం పెట్టించాలి. అయిదింటిలో ఒకటి బడి గోడకు, ఒకటి ఇంటికి, మిగతావి తోటివారితో మార్చుకోవడానికి.