షట్‌డౌన్ మ్యాన్ పేజీ: ఆరేళ్ల వాడకం తర్వాత

నెల్లూరు పక్క రైస్ మిల్లు లెక్కల గది. డెబియన్ (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్ ఒకటి, బ్యాకప్‌కి ఫ్రీబీఎస్‌డీ (యూనిక్స్ రకం మరో ఆపరేటింగ్ సిస్టమ్) మెషీన్ ఒకటి, రెంటికీ ఒకే యూపీఎస్. రాత్రిళ్లు వీటిని ఆపేది గుమాస్తా, అడ్మిన్ కాదు. షట్‌డౌన్ అనేది మెషీన్ ఆపే కమాండ్, మ్యాన్ పేజీ అంటే దాని వాడకం చెప్పే, సిస్టమ్‌తోనే వచ్చే సహాయ పేజీ. దాని బాగోగులు గుమాస్తా చేతికిచ్చి చూస్తేనే తెలుస్తాయి.

ఆప్షన్ల (కమాండ్ పక్కన చేర్చే గుర్తుల) అర్థం సరిగ్గానే రాశారు. కమాండ్ కొట్టాక మెషీన్ ఏ స్థితిలో ఆగుతుందో, అది ఆగిందని కంటితో ఎలా పోల్చుకోవాలో మాత్రం సరిగా చెప్పలేదు.

ముఖ్యంగా మైనస్ హెచ్ (shutdown -h) ఆప్షన్. ఇప్పటి డెబియన్‌లో అది కొడితే కరెంటు కూడా ఆగిపోతుంది. ఫ్రీబీఎస్‌డీలో అదే కొడితే సిస్టమ్ ఆగుతుంది కానీ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, రీబూట్‌కి ఏదో ఒక కీ నొక్కమని తెరమీద ఇంగ్లిషులో వస్తుంది. అది చదివి గుమాస్తా కీ నొక్కుతాడు, అందులో ఆయన తప్పేం లేదు. మెషీన్ మళ్లీ లేస్తుంది. కరెంటు లేని రాత్రయితే మిగిలిన బ్యాటరీ అంతా అందుకే పోతుంది, బూట్ మధ్యలో యూపీఎస్ ఆరిపోతుంది. అక్కడ కొట్టాల్సింది షట్‌డౌన్ మైనస్ పి నౌ (shutdown -p now), అంటే వెంటనే కరెంటుతో సహా ఆపమని. ఆప్షన్ లేకుండా షట్‌డౌన్ నౌ అంటే డెబియన్ ఆరిపోతుంది, ఫ్రీబీఎస్‌డీ సింగిల్ యూజర్ మోడ్‌లోకి (అడ్మిన్ ఒక్కరే మరమ్మతులకి వాడే స్థితి) దిగి కూర్చుంటుంది.

మైనస్ సి ఇంకా ప్రమాదం. డెబియన్‌లో అది ముందే టైము పెట్టిన షట్‌డౌన్‌ని రద్దు చేస్తుంది. ఫ్రీబీఎస్‌డీ కొత్త వెర్షన్లలో పవర్ సైకిల్ చేస్తుంది (కరెంటు తీసి మళ్లీ ఇస్తుంది), ఆ సౌకర్యం లేని హార్డ్‌వేర్ అయితే రీబూట్ చేస్తుంది. టైము ఇవ్వకపోతే వాడే పద్ధతి చూపించి ఊరుకుంటుంది, అలవాటుగా పక్కన నౌ తగిలిస్తే మాత్రం అంతే సంగతులు. అక్కడ రద్దు చేయాలంటే నడుస్తున్న షట్‌డౌన్ ప్రాసెస్‌ని కిల్ చేయాలి.

డెబియన్‌లో టైము ఇవ్వకపోతే ఒక నిమిషం ఆగి మొదలవుతుందని పేజీలో ఉంది. ఏదైనా సర్వీసు (వెనక నడిచే ప్రోగ్రామ్) ఆగకుండా మొండికేస్తే మామూలుగా తొంభై సెకన్ల దాకా ఎదురుచూస్తుందని కూడా అక్కడే రాయాల్సింది. ఆ సంగతి తెలియకే జనం పవర్ బటన్ అదిమిపట్టి, రాస్తున్న డేటాబేస్‌ని మధ్యలో చంపేస్తారు.

అందుకని యూపీఎస్ పక్కన గోడకి ఏ4 కాగితం అంటించాం. మెషీన్ పేరు, కొట్టాల్సిన ఒక్క కమాండ్, రెండు నిమిషాలు ఆగాలన్న మాట, చివర్లో "లైటు ఆరి, ఫ్యాను నిలిచాకే స్విచ్ తీయండి". ఫ్రీబీఎస్‌డీలో గుమాస్తా ఖాతాని ఆపరేటర్ గ్రూపులో (షట్‌డౌన్ కొట్టే హక్కున్న గ్రూపు) చేర్చితే చాలు, రూట్ (అడ్మిన్ ఖాతా) పాస్‌వర్డ్ చెప్పనక్కర్లేదు. ఇంత పనికొచ్చే సంగతి షట్‌డౌన్ పేజీలో మొదటే ఉండాలి.

మ్యాన్ పేజీకి ఐదుకి మూడు. మైనస్ హెచ్, మైనస్ పి పక్కపక్కన పెట్టి తెరమీద ఏం కనిపిస్తుందో నాలుగు లైన్లు కలిపితే నాలుగున్నర ఇస్తాను.